దిగితే ఎక్కలేని గుర్రం మీద ధర్మవరం దాకా

నా ఎత్తు నాలుగడుగుల పదకొండంగుళాలు. బెల్లం అనే ఆ గుర్రం వీపు నేల నుంచి ఐదున్నర అడుగులు. పక్కన నిలబడితే జీను నా నెత్తికన్నా పైన ఉంటుంది. అరవై రెండేళ్ళ వయసులో, అరిగిపోయిన ఎడమ మోకాలితో, ఆ గుర్రం మీద హిందూపురం నుంచి ధర్మవరం దాకా నాలుగు రోజులు ప్రయాణం చేసి వచ్చానంటే తెనాలిలో మా వీధివాళ్ళు ఇంకా నమ్మడం లేదు. "ఆ ఊళ్ళకి బస్సుల్లేవా అండీ?" అని అడుగుతున్నారు. బస్సులున్నాయి, రైలు కూడా ఉంది. అయినా గుర్రం మీద ఎందుకు వెళ్ళాల్సి వచ్చిందో చెబుతాను.

తిరుపతి పశువైద్య కళాశాలలో నేనూ కాత్యాయనీ ఒకే గదిలో ఉండేవాళ్ళం. ఎన్‌సీసీలో గుర్రపు స్వారీ నేర్చుకున్నది కూడా ఇద్దరం కలిసే. ఇద్దరమూ పొట్టివాళ్ళమే. ఒకరు వంగి రెండో మనిషి కాలిని మోకాలి కింద పట్టుకుంటే, "ఒకటి, రెండు, మూడు" అనుకుని ఆ మనిషి ఎగిరి జీను మీద కూర్చునేది. కింద మిగిలిన మనిషి గుర్రాలను చూసుకునే సాయిసును బతిమాలుకోవాలి. ఆ వంతు ఎక్కువగా కాత్యాయనికే పడేది.

చదువయ్యాక నేను మా వైపు ఉద్యోగంలో చేరాను. ఆమె పెనుకొండ పశువుల ఆసుపత్రిలో చేరి రిటైరయ్యేదాకా అక్కడే ఉంది. ఆమె పెళ్ళి చేసుకోలేదు. నేను చేసుకుని ఆరేళ్ళకే విడిపోయాను. కాత్యాయని బెంగళూరు పందేల్లో పరుగు అయిపోయిన గుర్రాన్ని ఒకదాన్ని తెచ్చుకుని, దాని రంగు చూసి బెల్లం అని పేరు పెట్టుకుంది. "ఒకసారి రావే, వీణ్ణి చూద్దువుగాని" అని పదకొండేళ్ళుగా ఫోనులో పిలుస్తూనే ఉంది. నేను వెళ్ళలేదు. ఫలానా అడ్డంకి అని చెప్పడానికి కూడా ఏమీ లేదు. వెళ్ళలేదంతే.

పోయిన శ్రావణంలో ఆమె నిద్రలోనే పోయింది. నాకు మూడో రోజున తెలిసింది. మాఘమాసంలో ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. గుర్రాన్ని ధర్మవరం దగ్గర ఒక రైతుకు ఇస్తున్నారట. పంపేముందు ఒకసారి వచ్చి దాని ఆరోగ్యం చూడమన్నాడు.

హిందూపురం

తమ్ముడు శ్రీనివాసులు శెట్టిది చింతపండు వ్యాపారం. కొట్లో అడుగుపెట్టగానే నోట్లో నీళ్ళూరాయి. రిటైరయ్యాక కాత్యాయని ఉన్నది ఆ కొట్టు వెనక ఇంట్లోనే. గోదాము పక్క రేకుల షెడ్డులో బెల్లం ఒంటరిగా నిలబడి ఉంది. మెరిసే ఎర్రటి ఒళ్ళు, నుదుట తెల్ల చుక్క. గుర్రం మందలో బతికే జంతువు. పక్కన ఇంకో గుర్రం లేకుండా ఇన్నేళ్ళున్నదంటే, కాత్యాయని దాని దగ్గర ఎంతసేపు గడిపేదో నాకు అర్థమైంది. పళ్ళు, గిట్టలు, గుండె చూశాను. ఏ లోపమూ లేదు.

మర్నాడు లారీ వచ్చింది. గుర్రం ఎక్కలేదు. ఆరుగురు మనుషులు మూడు గంటలు పెనుగులాడారు. దాని ఒళ్ళంతా చెమట, కళ్ళల్లో తెల్లగుడ్డు కనిపిస్తోంది. ఇంకా లాగితే కాలు విరగ్గొట్టుకుంటుందని నేనే ఆపించాను.

"మరి ఎట్ల పంపేది మేడం? దుడ్లు ఎంతైనా ఇస్తానంటే ఇంకో లారీ వస్తాది. గుర్రం మాత్రం ఇదే కదా" అన్నాడు శెట్టి.

"నేను ఎక్కి తీసుకెళ్తాను" అన్నాను. ఆ మాట అన్నది నేనేనా అని నాకే అనుమానం వచ్చింది.

శెట్టి నన్నొకసారి, గుర్రాన్నొకసారి చూశాడు. "తీసుకపోయేది సరే మేడం. ఎక్కేదెట్ల?"

చింతపండు మూటలెత్తే మనిషిని పిలిచారు. ఆయన మొహమాటపడుతూ "తప్పుగా అనుకోవద్దు మా" అని నన్ను ఒక్క ఊపున ఎత్తి జీను మీద పెట్టాడు. కాళ్ళు పెట్టుకునే రికాబులు సర్దుకుందామని వంగాను. సర్దనక్కర్లేదు. కాత్యాయని కాళ్ళకు సరిపెట్టుకున్న తోలుపట్టీలు ఒక్క రంధ్రం కూడా మార్చకుండా నా కాళ్ళకు సరిపోయాయి.

సోమందేపల్లి దారి

ఎవరో ఎత్తి కూర్చోబెట్టిన మనిషికి వచ్చే కష్టం మొదటి గంటలోనే తెలిసింది. దిగితే మళ్ళీ ఎక్కలేను. కాబట్టి దిగకూడదు. టీ కొట్టు ముందు ఆగితే కొట్టతను గ్లాసును పైకందించాడు. మా వైపైతే గుర్రమెక్కిన ఆడమనిషి కనబడితే వెనక పదిమంది నడిచేవాళ్ళు. ఇక్కడ నేరుగా దగ్గరకొచ్చి అడుగుతారు. "యాడికి పోతాండావు మా? ఒక్కదానివేనా?" రెండో ప్రశ్న ప్రతి ఊళ్ళోనూ వినబడింది. ఒక బట్టల కొట్టు యజమాని మాత్రం అరిగిన లాడం ఉంటే ఇమ్మన్నాడు. గడపకు కొట్టుకుంటే వ్యాపారం బాగా సాగుతుందట. గుర్రం కాలికున్నవే తప్ప వేరే లేవన్నాను.

మధ్యాహ్నం దాటాక ఇంకో ఇబ్బంది. పొద్దుట్నుంచీ దిగలేదు. ఆడవాళ్ళకు విడమరచి చెప్పనక్కర్లేదు. నీళ్ళు తాగడం మానేశాను. రెండోసారి టీ కూడా వద్దన్నాను. తల తిరగడం మొదలైంది. సాయంత్రానికి శెట్టి చెప్పి ఉంచిన రైతు ఇల్లు చేరేసరికి నా మొహం చూసి ఆ ఇంటావిడ సావిత్రమ్మ గాభరాపడింది.

ఆ రాత్రి రాగిసంగటి, ఇక్కడ చెనిక్కాయలనే వేరుశెనగలతో నూరిన ఊరిబిండి పెట్టింది. మా ఇంట్లో నేనొక్కదాన్నే కనక ఒక కూరతో రెండు పూటలు గడిపేస్తాను. ఆమె నా పక్కన కూర్చుని, ముద్ద అయ్యేలోపల ఇంకో ముద్ద వేసింది. ఒకరు చూస్తుండగా అన్నం తిని ఎన్నాళ్ళయిందో లెక్క పెట్టుకోబోయి మానేశాను.

పొద్దున ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా ఎక్కాలనుకున్నాను. పుస్తకాల్లో ఉన్న ఉపాయమే. ఎడమ రికాబు పట్టీని నాలుగు రంధ్రాలు కిందికి దించి, స్టూలు మీద నిలబడి, కాలు పెట్టి లేచాను. గుర్రం పొట్ట కింద ఉండే జీను పట్టెడ బిగించడం మరిచిపోయాను. నా బరువుకు జీను గుర్రం పొట్ట పక్కకు జారింది. దానితో నేనూ జారి పేడదిబ్బ అంచున పడ్డాను. బెల్లం తల తిప్పి చూసింది. సావిత్రమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆపుకోలేక నేనూ నవ్వాను.

పట్టెడ బిగించాక ఆమె అవతలి పక్కకు వెళ్ళి కుడి రికాబును రెండు చేతులా కిందికి గుంజి పట్టుకుంది. "బిందె ఒక పక్క మోస్తే నడుము వంగుతాది కదక్కా, ఇదీ అంతే." ఈసారి జీను కదల్లేదు. ఎక్కాను. ఉపాయం మంచిదే. కాకపోతే దానికి రెండో మనిషి కావాలి. నాకు తెలిసిన ప్రతి ఉపాయానికీ రెండో మనిషి కావాలి.

పెనుకొండ

కోట గోడ దాటి ఊళ్ళోకి రాగానే బెల్లం నడక మారింది. చెవులు ముందుకు పెట్టి, నేను ఎడమకు లాగితే కుడికి తిరిగి, ఒక సందులోకి దూరింది. వద్దన్నా వినలేదు. పొగచూరిన ఒక చిన్న హోటలు ముందు, రాతి అరుగును రాసుకుని, టక్కున ఆగింది. అరుగు మీద కూర్చుని తింటున్న ఇద్దరు మనుషులు ప్లేట్లతో సహా లోపలికి దూకారు.

లోపల్నుంచి ఒక పెద్దావిడ అట్లకాడతో బయటికొచ్చింది. "ఇది మా డాక్టరమ్మ గుర్రం కదా! ఆయమ్మ యాడ? నువ్వెవురు మా?"

ఆమె పేరు రంగమ్మ. కాత్యాయని పోయిన సంగతి ఆమెకు తెలియదు. గుర్రం మీంచి అలాంటి మాట చెప్పకూడదనిపించింది. అరుగు మీదికి దిగి, ఆమె పక్కన కూర్చుని చెప్పాను.

"ఎప్పుడు?"

"శ్రావణంలో."

"మాకెవురూ చెప్పలేదు సూడు" అంది. పొయ్యి మీద నూనె మాడిన వాసన వస్తోంది. ఆమె లేవలేదు. లోపలున్నవాళ్ళలో ఒకతను వెళ్ళి మంట తగ్గించాడు.

తరువాత తనే ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తెచ్చింది. బొరుగులతో చేసే ఈ ఉగ్గాని మా వైపు దొరకదు. నానీ నానని బొరుగులు, పుట్నాల పొడి, నిమ్మకాయ పులుపు. ప్లేటు నలభై రూపాయలు. కాత్యాయని ఇరవై ఏళ్ళు అదే అరుగు మీద తిన్నదట.

"గుర్రమొచ్చినాక దాని మిందనే వస్తాండె. తిని, దానికొక అరటిపండు పెట్టి, ఎక్కి పోతాండె."

"ఎవరు ఎక్కించేవాళ్ళు?" అని అడిగాను. నిజంగా తెలుసుకోవాలనే అడిగాను.

"ఎవురూ లేదు. మొదట్లో మా ఆయన పట్టుకుంటాననె. వద్దప్పా, రేపు నువ్వు ల్యాకపోతే నేనేం చేయాల అనె ఆయమ్మ. ఆర్నెల్లు దానికి నేర్పిచ్చినాది. ఇదో, ఈ అరుగు మింద నిలబడి, దాని భుజం మింద రెండుసార్లు తడ్తే, అదే పక్కకొచ్చి నిలబడేది. ఆయమ్మ ఎక్కి సర్దుకునేదాకా చెవి కూడా ఆడిచ్చేది కాదు."

నేను అరుగు మీద నిలబడి, చేయి చాచి, బెల్లం భుజాన్ని రెండుసార్లు తట్టాను. అది వెనక్కి రెండడుగులు వేసి, ఒళ్ళు తిప్పి, కుడి పక్కను నాకు ఆనించి నిలబడింది. కుడి పక్క! గుర్రాన్ని ఎడమవైపు నుంచే ఎక్కాలని మాకు నేర్పారు. పాతకాలం సైనికులకు ఎడమ నడుముకు కత్తి వేలాడేది కనక ఆ అలవాటు వచ్చిందంటారు. మా ఇద్దరికీ కత్తులు లేవు. కాత్యాయనికి ఎడమ తుంటి నొప్పి ఉండేదని రంగమ్మ చెప్పింది. నాకది కూడా తెలియదు. కుడికాలు రికాబులో పెట్టి, నా బరువంతా ఆ కాలి మీదే మోపి లేచాను. అరిగిన ఎడమ మోకాలు ఊరికే గాల్లో తిరిగి అవతలికి వెళ్ళింది. ఎవరూ పట్టుకోలేదు.

హోటల్లోవాళ్ళు చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం సంతోషం కలగలేదు. ఒక మనిషి గుర్రానికి ఇంత నేర్పాలంటే ఆమె ఎన్ని పొద్దులు ఒక్కతే ఆ అరుగు మీద నిలబడి ఉండాలి! ఫోనులో వారం వారం మాట్లాడేవాళ్ళం. "ఎక్కగలుగుతున్నావా?" అని నేను ఒక్కసారైనా అడగలేదు. మా ఇద్దరి ఇళ్ళలోనూ ఒక్కొక్క కంచమే ఉండేది.

చెన్నేకొత్తపల్లికి ముందు

మూడో రోజు హైవేకు దూరంగా, చేలగట్ల వెంట మట్టిబాట పట్టాను. చెనిక్కాయ పీకేసిన చేలు, దూరంగా గుండ్రాళ్ళ గుట్టలు. గంటసేపు మనిషి కనబడలేదు. బెల్లం కుంటడం మొదలుపెట్టింది. ముందుకాలి గిట్టలో రాయి ఇరుక్కుంది. దిగక తప్పలేదు. రాయి తీశాను. నొప్పి లేదు, వాపు లేదు. ఇక ఎక్కాలి.

చుట్టూ చూశాను. అరుగు లేదు, గోడ లేదు, కిలోమీటరు రాయి కూడా లేదు. చేను గట్టు మోకాలెత్తు. దాని మీద నిలబడి తట్టాను. పాపం, బెల్లం పక్కకొచ్చి నిలబడింది. నా కాలు రికాబుకు అందలేదు. సంచిలో ఉన్న తాడును ఉచ్చులా కట్టి జీనుకు వేలాడదీశాను, మెట్టులా పనికొస్తుందని. కాలు పెట్టగానే ఉచ్చు బిగుసుకుంది. గుర్రం ఒక్కడుగు వేసి ఉంటే ఈ కథ రాసేదాన్ని కాదు. అది కదలకుండా నిలబడింది. చెప్పు వదిలేసి కాలు లాక్కుని, అరచేతుల మీద పడ్డాను. మణికట్టు కలుక్కుమంది. తాడు వాడాలనుకునేవాళ్ళకు ఇదొక్కటే చెబుతాను. కాలికి బిగుసుకునే ముడి వేయకండి, పక్కన మనిషి లేకుండా అసలు ప్రయత్నించకండి.

పగ్గాలు పట్టుకుని నడవడం మొదలుపెట్టాను. మాఘమాసపు ఎండే అయినా ఆ నేల మీద చురుక్కుమంటోంది. ఫోనులో సిగ్నల్ లేదు. ఉన్నా ఎవరికి చేయాలి? మోకాలు ప్రతి అడుగుకీ నొప్పి పెడుతోంది. అరగంటయ్యాక గుర్రం పొట్ట నీడలో కూర్చుని ఏడ్చాను. దెబ్బకు కాదు. ఇక్కడ ఇలా పడిపోతే తెనాలిలో నా ఇంటి తాళం ఎన్నాళ్ళకు ఎవరు తీస్తారా అనిపించింది.

తరువాత ఒక మోటారు చప్పుడు వినబడింది. బోరు దగ్గర చేలోకి నీళ్ళ మడవ తిప్పుతున్న రైతు, డెబ్భై ఏళ్ళుంటాయి, పేరు అంజినప్ప. నీళ్ళిచ్చాడు. బెల్లాన్ని తొట్టి దగ్గరకు రానిచ్చాడు. సంగతి విని, నన్నెత్తే బలం తనకు లేదని ముందే చెప్పేశాడు.

"నువ్వు పైకి లేచేది ఎందుకు తల్లీ, గుర్రాన్ని కిందికి దించు. ముందర వంక ఉండాది, నీళ్ళు లేవు. దాన్ని ఇసుకలో నిలబెట్టి నువ్వు గట్టు మింద నిలబడు. ట్రాలీకి చెనిక్కాయ మూటలు మేము అట్లనే ఎత్తుతాం."

"మీరూ వస్తారా?"

"కరెంటు పోయేలోపల ఈ చేను తడపాల. నేను రాలేను." అని, పార పక్కన పెట్టి, "తోడు ఎవురూ లేరా?" అన్నాడు.

"లేరు."

ఆయన తలూపాడు. జాలిపడలేదు. వంక ఏ చెట్టు దగ్గర మలుపు తిరుగుతుందో గుర్తులు చెప్పి, మళ్ళీ పార పట్టుకున్నాడు.

వంక దొరికింది, ఎండిపోయిన చిన్న వాగు. బెల్లాన్ని ఇసుకలోకి దింపి, పగ్గాలు చేత పట్టుకునే గట్టెక్కాను. పైనుంచి చూస్తే మొదటిసారి దాని వీపు నా నడుము కింద ఉంది. తట్టాను. అది ఇసుకలో కాళ్ళు ఈడుస్తూ తిరిగి, కుడి పక్కను గట్టుకు ఆనించింది. నేను కాలు చాచేలోగా గట్టు అంచు విరిగి మట్టిపెళ్ళలు దాని మీద పడ్డాయి. ఉలిక్కిపడింది, కానీ పారిపోలేదు. రెండు గజాలు అవతల గట్టిగా ఉన్న చోటు చూసుకుని మళ్ళీ తట్టాను. మళ్ళీ వచ్చింది. రికాబు అవసరం కూడా రాలేదు. మంచం మీద కూర్చున్నట్టు కూర్చున్నాను.

చూసినవాళ్ళు ఎవరూ లేరు. నలభై ఏళ్ళ క్రితం నేర్చుకున్న విద్యలో మొదటిసారి, నా చుట్టుపక్కల ఒక్క మనిషి కూడా లేకుండా, గుర్రమెక్కాను. ఈ మాట వెంటనే కాత్యాయనికి చెప్పాలనిపించింది. ఫోను తీసి ఆమె నంబరు దాకా వెళ్ళాను కూడా. మా ఆఖరి మాటలు నాలుగు నిమిషాలని అక్కడ రాసి ఉంది. ఫోను లోపల పెట్టేసి, గట్టిగానే, పైకే చెప్పాను, "ఎక్కానే!" అని. బెల్లం చెవులు రెండూ వెనక్కి తిరిగాయి.

ధర్మవరం

నాలుగో రోజు మధ్యాహ్నం ధర్మవరం పొలిమేర చేరాం. ఇళ్ళలోంచి మగ్గాల చప్పుడు వీధిలోకి వినబడుతోంది. ఒకచోట వీధి పొడుగునా ఆరెంజి రంగు పట్టునూలు ఆరేసి ఉంటే, బెల్లం దాని కింద నుంచి వెళ్ళనని మొండికేసింది. నేతగాళ్ళు నవ్వుతూ పక్కకు జరిపి దారిచ్చారు. మా వైపు పెళ్ళిళ్ళలో ధర్మవరం చీర కట్టని పెళ్ళికూతురుండదు. ఆ రంగులు ఆరే వీధిని మాత్రం అప్పుడే చూశాను.

రైతు నాగిరెడ్డి తోట ఊరికి అవతల ఉంది. ఆయన దగ్గర రెండు గుర్రాలుండేవి. మగది చచ్చిపోయాక, చంద్రి అనే ముసలి గుర్రం మేత సరిగా తినడం లేదని, తోడు కోసం ఇంకోదాన్ని వెతుకుతున్నారు. గేటు ఇంకా చాలా దూరముండగానే లోపల్నుంచి సకిలింపు వినబడింది. బెల్లం రాయిలా ఆగిపోయింది. నా కాళ్ళ కింద దాని ఒళ్ళంతా వణికింది. తల పైకెత్తి అది ఇచ్చిన జవాబు నా వెన్నెముక దాకా తగిలింది. ఎన్నేళ్ళ తరువాత ఇంకో గుర్రం గొంతు విన్నదో.

గేటు లోపల నాగిరెడ్డి, ఆయన భార్య లక్ష్మక్క, ఇద్దరు కూలీలు ఎదురొచ్చారు. నేను జీను మీద అలాగే కూర్చున్నాను.

"దిగలేకుండాదేమో, కుర్చీ తేపో" అన్నాడు నాగిరెడ్డి. ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. చాలదేమోనని మామిడికాయలు కోసే నిచ్చెన కూడా వచ్చింది.

"దిగలేక కాదండీ" అన్నాను. పగ్గాలు మాత్రం వదల్లేదు.

లక్ష్మక్క నా మొహం చూసింది. "కుర్చీ తీసేయండి. ఆయమ్మకు ఎప్పుడు దిగాలనిపిస్తే అప్పుడు దిగుతాది" అంది. అందరూ ఏదో పనున్నట్టు అటూ ఇటూ వెళ్ళారు. నేను దాని మెడ మీద చేయి వేసి కూర్చున్నాను. అది నా కోసం నిలబడే ఉంది గాని, కళ్ళు, చెవులు, ఊపిరి అన్నీ కంచె అవతల చంద్రి వైపే ఉన్నాయి. ఇంకా ఆపడం న్యాయం కాదనిపించింది. దిగాను.

రెండూ ముక్కులు ఆనించుకుని చాలాసేపు నిలబడ్డాయి. ఆ సాయంత్రం చంద్రి తొట్టిలో ముఖం పెట్టి పూర్తిగా మేత తిన్నది. లక్ష్మక్క కళ్ళు తుడుచుకుంది. ఆ రాత్రి వాళ్ళింట్లోనే ఉన్నాను.

పొద్దున లక్ష్మక్కకు అన్నీ చూపించాను. నీళ్ళతొట్టి గోడ మీద నిలబెట్టి, పట్టెడ ముందు బిగించమని, కుడి పక్కనే ఎక్కమని, రెండు తట్లు తట్టి ఓపిగ్గా ఆగమని చెప్పాను. ఆమె కూడా నా అంత పొట్టిదే, కాస్త భారీ మనిషి. "నేనా? ఈ వయసులోనా?" అంటూనే చీర గోచీ పోసి కట్టింది. బెల్లం వచ్చి ఆనుకుంది. ఆమె ఎక్కింది. కెవ్వున అరిచి, వెంటనే నవ్వేసింది. నాగిరెడ్డి చంద్రిని ముందు నడిపించాడు. దాని వెనక బెల్లం, లక్ష్మక్కను మోసుకుంటూ, చెట్ల మధ్యకు వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. తోడు దొరికిన గుర్రం అలాగే ఉంటుందని పశువైద్యురాలిగా నాకు తెలుసు.

రైలుకు టైమవుతోంది. చెప్పి వెళ్దామంటే ఎవరూ లేరు. సంచి భుజానికి తగిలించుకుని గేటు వైపు నడిచాను. గడియ మీద చేయి వేశానో లేదో, తోట లోపల్నుంచి లక్ష్మక్క కేక వినబడింది.

"అక్కా! యాడికి పోతాండావు? నన్ను దింపేదెవురు?"

నేను సంచి కింద పెట్టేసి, మోకాలి నొప్పి సంగతి మరిచిపోయి, చెట్ల మధ్యకు పరిగెత్తాను.